ఒకే తీగకి రెండు పేర్లుంటే ఎల్‌వీఎస్ ఒప్పుకోవడంలా. మెటల్ రెసిస్టర్ ఎక్కడ పెట్టాలి?

కావలి_ఎంటెక్ | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కావలిలో ఎంటెక్ రెండో సంవత్సరం. ప్రాజెక్టు కింద స్కైవాటర్ అనే చిప్పుల ఫ్యాక్టరీ (ఫ్యాబ్) వాళ్ళ 130 నానోమీటర్ డిజైన్ కిట్‌లో ఒక ఎల్‌డీఓ రెగ్యులేటర్ (వోల్టేజిని తగ్గించి నిలకడగా ఉంచే సర్క్యూట్) చేస్తన్నా. 3.3 వోల్టులు లోపలికి, 1.8 వోల్టులు బయటికి, లోడ్ 20 మిల్లీఆంపియర్లు. లేఅవుట్ మ్యాజిక్ అనే టూల్‌లో గీసి, నెట్‌జెన్ అనే టూల్‌తో ఎల్‌వీఎస్ (లేఅవుట్, స్కీమాటిక్ రెండూ ఒకటేనా అని చూసే చెక్) నడుపుతున్నా.

స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) అవుట్‌పుట్ నెట్ (ఒకదానికొకటి కలిసిన తీగలన్నీ కలిపి ఒక నెట్) పేరు వీఅవుట్. అవుట్‌పుట్ వోల్టేజిని యాంప్లిఫయర్‌కి చూపించే ఫీడ్‌బ్యాక్ డివైడర్‌కి వెళ్ళే నెట్ పేరు వీసెన్స్. రెండూ ప్యాడ్ (చిప్పు నుంచి బయటికి కనెక్షన్ ఇచ్చే లోహపు పలక) కాడ కలవాలి. సిమ్యులేషన్ కోసం మధ్యలో సున్నా ఓముల రెసిస్టర్ పెట్టుకున్నా. లేఅవుట్‌లో అది ఉత్త తీగే గదా. మ్యాజిక్ ఏమో ఈ రెండు పోర్టులూ షార్ట్ అయ్యాయని వార్నింగ్ ఇస్తంది. నెట్‌జెన్ ఏమో లేఅవుట్‌లో ఒక నెట్టు తక్కువ, ఒక డివైస్ తక్కువ అంటంది. మూడు రోజుల్నించి ఇదే గోల. ఇట్టాంటి చోట మెటల్ రెసిస్టర్ వాడతారని చదివా. కానీ తీగ మధ్యలో రెసిస్టర్ పెడితే చిప్పులో నిజంగా రెసిస్టెన్స్ పెరగదా?

ఒంగోలు_గిత్త | రాత్రి 9:58

ఇంత దానికి ఎందుకబ్బయ్యా కంగారు. స్కీమాటిక్‌లో ఆ సున్నా ఓముల దాన్ని పీకేసి రెండు నెట్లకీ ఒకటే పేరు పెట్టు. తీగ ఒకటే, పేరూ ఒకటే. మ్యాచ్ అయిపోద్ది, పోయి పడుకో.

కావలి_ఎంటెక్ | రాత్రి 10:15

అదీ చేసి చూశా అన్నా, మ్యాచ్ అయింది. మా గైడ్ సారు మాత్రం ఒప్పుకోలా. "సెన్స్ తీగ ప్యాడ్ దగ్గరే కలిసిందని ఏంటి నమ్మకం?" అన్నారు. ఇప్పుడు జూమ్ చేసి చూస్తే, నేను దాన్ని పాస్ ట్రాన్సిస్టర్ (లోడ్ కరెంటంతా పారేది) పక్కనే కలిపేసి ఉన్నా. నెట్‌జెన్ మాత్రం సర్క్యూట్లు రెండూ ఒకటేనని సంబరంగా చెప్తంది.

పొదలకూరు_నిమ్మ | రాత్రి 10:34

మీ సారు అడిగిందే అసలు ప్రశ్న తమ్ముడూ. గిత్త గారు చెప్పిన దారిలో పోతే ఎల్‌వీఎస్ నోరు మూసుకుంటది, అంతే. పాస్ ట్రాన్సిస్టర్ నుంచి ప్యాడ్ దాకా తీగ ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ మెటల్?

కావలి_ఎంటెక్ | రాత్రి 10:37

మెటల్ 4 అక్కా. వెడల్పు 10 మైక్రాన్లు, పొడవు 400 దాకా ఉంటది.

పొదలకూరు_నిమ్మ | రాత్రి 10:58

అయితే లెక్కేద్దాం. 400 బై 10 అంటే 40 చదరాలు. ఆ కిట్‌లో మెటల్ 4 షీట్ రెసిస్టెన్స్ చదరానికి 47 మిల్లీఓములు. 40 చదరాలకి 1.88 ఓములు. 20 మిల్లీఆంపియర్లు పారితే 37.6 మిల్లీవోల్టులు ఆ తీగలోనే పోతాయి. సెన్స్ తీగ ట్రాన్సిస్టర్ పక్కన కలిస్తే నీ యాంప్లిఫయర్ అక్కడ 1.8 చూసి తృప్తి పడద్ది, ప్యాడ్ కాడ ఉండేది మాత్రం 1.762. 2 శాతం పైన కొట్టుకుపోయింది. అదే ప్యాడ్ దగ్గర కలిస్తే ఆ 37.6ని కూడా లూపే సరిచేస్తది. గీసిన బొమ్మలో తేడా ఒక తీగ కొస, అంతే. ఒకటే పేరు పెట్టినప్పుడు ఎల్‌వీఎస్‌కి ఈ రెండు బొమ్మలూ ఒకటే.

ఇక మెటల్ రెసిస్టర్ సంగతి. పేరు చూసి భయపడొద్దు. పాలీసిలికాన్‌తో చేసే రెసిస్టర్ లాగా వేరే పదార్థం ఏమీ రాదు. ఉన్న తీగ మీదే ఒక గుర్తు పొర వేస్తాం. జీడీఎస్‌లో (ఫ్యాబ్‌కి పంపే లేఅవుట్ ఫైలులో) చూస్తే మెటల్ 4 లోహం 71/20 నంబరు పొరలో ఉంటది, రెసిస్టర్ గుర్తు 71/13లో ఉంటది. మాస్కు తయారయ్యేది మొదటిదాన్నించే. రెండోది మాస్కుకి పోదు. కాబట్టి ఫ్యాబ్‌లో ఆ తీగ ఎక్కడా తెగదు, సన్నబడదు, ఒక్క మిల్లీఓము కూడా కొత్తగా చేరదు. ఎక్స్‌ట్రాక్షన్ (లేఅవుట్ నుంచి సర్క్యూట్‌ని తిరిగి తీయడం) చేసే టూల్ మాత్రం ఆ గుర్తు కింది ముక్కని రెండు కాళ్ళ డివైస్‌గా చదువుకుంటది. దానికి అటు పక్క ఒక నెట్టు, ఇటు పక్క ఇంకో నెట్టు. స్కీమాటిక్‌లో కూడా నీ సున్నా ఓముల దాని బదులు కిట్‌లో ఉండే జెనరిక్ మెటల్ 4 రెసిస్టర్ పెట్టు, అవే వెడల్పు పొడవులు ఇచ్చి. అప్పుడు రెండు వైపులా ఒకే బొమ్మ.

మ్యాజిక్‌లో ఒక తేడా ఉంది. అక్కడ గుర్తు పొర విడిగా ఉండదు, ఆర్‌ఎం4 అనే పొరే మెటల్ 4 స్థానంలో కూర్చుంటది. జీడీఎస్ రాసేటప్పుడు అదే రెండు పొరలుగా విడగొట్టి రాస్తది.

పెన్నగట్టు | ఆదివారం ఉదయం 6:05

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. ఇప్పుడు కోవూరు పక్కన వరి పెట్టుకుంటన్నా. ఈ చిప్పుల లేఅవుట్ మా కాలంలో లేదు, అందుకే అడుగుతున్నా. నాకు అర్థమైంది ఇదీ: మా తమ్ముడిదీ నాదీ ఒకటే మడి. మధ్యలో గట్టు కూడా లేదు, నీళ్ళు అటూ ఇటూ పోతా ఉంటాయి. సర్వేయరు వచ్చి ఒక హద్దురాయి పాతిపోయాడు. మట్టి రెండు ముక్కలు కాలా, కానీ అడంగల్‌లో మాత్రం రాయికి అటుది ఒక పేరు, ఇటుది ఒక పేరు. మీ ఆర్‌ఎం4 ఆ రాయేనా?

పొదలకూరు_నిమ్మ | ఉదయం 7:20

అదే మాష్టారూ! ఇన్నేళ్ళు కొత్తగా చేరిన పిల్లలకి చెప్పడానికి నాకు ఇంత మంచి పోలిక దొరకలా.

ఒంగోలు_గిత్త | ఉదయం 8:45

సరే, ఒక రాత్రంతా ఆలోచించా. అక్కా, ఆ రాయినే తీసుకెళ్ళి ట్రాన్సిస్టర్ పక్కన పాతితే? వీఅవుట్‌కి రెసిస్టర్, రెసిస్టర్‌కి వీసెన్స్. అప్పుడూ మ్యాచ్ అవుద్ది. ఇంక కావలి తమ్ముడికి ఒరిగిందేంది?

పొదలకూరు_నిమ్మ | ఉదయం 9:30

గిత్త గారూ, ఇది గట్టి పోటు. ఒప్పుకుంటన్నా. ఎల్‌వీఎస్‌కి ఎక్స్, వై తెలియవు. ఎవరు ఎవరితో కలిశారనేదే దానికి తెలుసు. రెసిస్టర్ ఎక్కడుందో అది చెప్పదు.

అయినా రెండు లాభాలున్నాయి. పేరు ఒకటే అయితే వీసెన్స్ తీగ దారిలో వీఅవుట్‌కి ఎన్నిసార్లు తగిలినా ఎవరికీ తెలియదు. రెసిస్టర్ పెట్టాక కలయిక ఆ ఒక్క చోటే. ఇంకెక్కడ పొరపాటున తగిలినా షార్ట్ అని వెంటనే పట్టుకుంటది. ఇంకోటి, ఆ చోటుని మనం కదలకుండా కట్టెయ్యొచ్చు. నేను ఎప్పుడూ రెసిస్టర్‌ని ప్యాడ్ ప్లేటుతో కలిపి ఒక చిన్న సెల్‌గా చేస్తా. ఆ సెల్‌కి రెండు పిన్నులు, లావు తీగకి ఒకటి, సెన్స్‌కి ఒకటి. పైన రౌటింగ్ చేసేవాళ్ళు ఎట్టా తిప్పినా సెన్స్ కలిసేది ఆ సెల్ లోపలే. మిగిలింది పోస్ట్ లేఅవుట్ సిమ్యులేషన్ చూసుకుంటది. తీగల రెసిస్టెన్స్‌తో సహా ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే కలిసిన చోటు తప్పైనప్పుడు ఆ 37 మిల్లీవోల్టులు కళ్ళకి కనిపిస్తాయి.

ఒంగోలు_గిత్త | ఉదయం 9:41

మ్యాజిక్‌లోనే ఒక సౌకర్యం ఉంది గదా, షార్ట్ అయిన పోర్టుల మధ్య స్పైస్ నెట్‌లిస్ట్ (ఏది దేనితో కలిసిందో రాసిన ఫైలు) రాసేటప్పుడు తనే ఒక రెసిస్టర్ వేసేది. ఈ గీసే పని కూడా తప్పిద్ది.

పొదలకూరు_నిమ్మ | ఉదయం 9:52

అది పోర్టుల వరకే. పైగా అది లేఅవుట్‌లో లేని రాయి, కాగితం మీద మాత్రమే పాతింది. తీగలు ఎక్కడ కలిసినా, పది చోట్ల కలిసినా వేసేస్తది. పిన్నుల పేర్లు కాపాడుకోవడానికైతే బానే ఉంటది, కెల్విన్ సెన్స్‌కి (వోల్టేజిని విడి తీగతో కావాల్సిన చోటే చూడ్డానికి) పనికిరాదు.

చీమకుర్తి_నల్లరాయి | ఉదయం 11:15

ఆలస్యంగా వచ్చా. నేను ఎల్‌వీఎస్ రూల్ డెక్‌లు (టూల్‌కి ఇచ్చే నియమాల ఫైళ్ళు) రాసే పనిలో ఉన్నా, కాబట్టి లోపల ఏం జరుగుద్దో చెప్తా.

ఏ టూలైనా పని ఒకటే. గీసిన మెటల్ లోంచి గుర్తు పొర పడిన భాగాన్ని తీసేస్తాం. మిగిలిన మెటల్ తోనే కనెక్టివిటీ కడతాం. తీసేసిన ముక్కని డివైస్ బాడీగా పెట్టి, దానికి ఆనుకున్న రెండు మెటల్ ముక్కల్నీ కాళ్ళుగా ఇస్తాం. ఈ ఒక్క మాట పట్టుకుంటే వచ్చే తప్పులన్నీ ముందే ఊహించొచ్చు.

గుర్తు తీగ వెడల్పంతా పట్టాలి. నాకాడికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. మొదట తీగ 0.5 మైక్రాన్లు, గుర్తు 0.5. తర్వాత ఎవరో తీగని 0.8కి లావు చేస్తారు, గుర్తుని పట్టించుకోరు. 0.3 మైక్రాన్ల అంచు బయట మిగిలిపోద్ది. తీసేసినాక కూడా ఆ అంచు రెండు పక్కల్నీ కలిపే ఉంచుద్ది. "రెసిస్టర్ పెట్టినా షార్ట్ పోలేదు సార్" అని ఫోన్ చేస్తారు. అట్టాగే, కింద మెటల్ 3లో అదే తీగ సమాంతరంగా పోయి వయాలతో (పొరల మధ్య నిలువు కనెక్షన్లతో) రెండు పక్కలా కలిస్తే మెటల్ 4 మీద ఎన్ని గుర్తులు పెట్టినా దండగ.

యాంటెన్నా చెక్ మాత్రం తీసేసిన మెటల్‌తో చెయ్యకూడదు, మొత్తం మెటల్‌తోనే చెయ్యాలి. ఫ్యాబ్‌లో ఎచింగ్ అప్పుడు గేటు మీద చార్జీ చేరేది అసలు తీగంతా కలిసి. గుర్తు కాడ ఆపేస్తే వైశాల్యం తక్కువ లెక్కొచ్చి గేటు ఆక్సైడ్ ప్రమాదంలో ఉన్నా అంతా పచ్చగా కనిపిస్తది. పారసిటిక్ (తీగల సొంత రెసిస్టెన్స్, కెపాసిటెన్స్) ఎక్స్‌ట్రాక్షన్‌లో తేడా ఇంకోరకం. బాడీ ముక్క ఒకసారి డివైస్‌గా లెక్కకొచ్చింది, మళ్ళీ పారసిటిక్‌గా రాకూడదు. మంచి కిట్లలో ఇవన్నీ చూసుకునే ఉంటారు. సొంతంగా డెక్ రాసేవాళ్ళు చూసుకోండి.

ఇంకొకటి కావలి తమ్ముడికి అవసరం లేదు గానీ, వర్చువోసో అనే టూల్ నుంచి సీడీఎల్ అనే రకం నెట్‌లిస్ట్ తీసేవాళ్ళకి చెప్తన్నా. అక్కడ షార్ట్ రెసిస్టర్ అని ఒక హద్దు ఉంటది, మామూలుగా 2000 అని పడుంటది. నెట్‌లిస్ట్ పైన రెసి ఈక్వల్స్ 2000 అని ఒక వరస కనిపిస్తే అదే. ఆ హద్దుకి లోపున్న రెసిస్టర్‌ని షార్ట్‌గా తీసుకునే అవకాశం ఉంది. మన మెటల్ రెసిస్టర్‌లు మిల్లీఓముల్లో ఉంటాయాయె. స్కీమాటిక్ పక్క రెసిస్టర్ మాయం, లేఅవుట్ పక్క ఉంది. ఒకసారి దీనికోసం ఒక పూట పోగొట్టుకున్నా.

పెన్నగట్టు | ఉదయం 11:40

2000 ఓములంటే ఏం తక్కువా నాయనా. మా రోజుల్లో అది రెసిస్టరే.

చీమకుర్తి_నల్లరాయి | ఉదయం 11:44

పాత కాలం అలవాటు మాష్టారూ, ఇంకా పోలా.

కావలి_ఎంటెక్ | మధ్యాహ్నం 2:20

అక్కా, పెట్టేశా. 10 మైక్రాన్ల లావు తీగ మీద, ప్యాడ్‌కి కాస్త ముందు, అడ్డంగా ఆర్‌ఎం4 గీశా. వెడల్పు 10, పొడవు 0.5. స్కీమాటిక్‌లో అదే. నెట్‌జెన్‌లో ప్రాపర్టీ ఎర్రర్ ఒకటి వచ్చింది, చూస్తే స్కీమాటిక్‌లో వెడల్పూ పొడవూ తారుమారు రాశా. మార్చా, మ్యాచ్ అయింది.

పొదలకూరు_నిమ్మ | మధ్యాహ్నం 3:05

మ్యాచ్ అయింది గానీ రాయి వేరే పొలంలో పాతావు. లావు తీగ మీద ఎందుకు పెట్టావు? 20 మిల్లీఆంపియర్లు పారేది అందులోనే. 0.5 బై 10 అంటే 0.05 చదరం, 2.35 మిల్లీఓములు, 47 మైక్రోవోల్టులు. తక్కువే, కాదనను. కానీ రెసిస్టర్‌కి ఇవతల, అంటే ట్రాన్సిస్టర్ వైపు ఉన్న 400 మైక్రాన్ల తీగ ఒక నెట్టు, అవతల ప్యాడ్ వైపు చిన్న ముక్క ఇంకో నెట్టు అయిపోయాయి. ప్యాడ్ పేరే మారిపోయింది. వీఅవుట్ అనేది ప్యాడ్ కాడ ఉండాల్సిన పేరు.

సెన్స్ కొమ్మ మీద పెట్టు. అందులో పారేది డివైడర్ కరెంటు ఒక్కటే గదా. ఎంత?

కావలి_ఎంటెక్ | మధ్యాహ్నం 3:09

10 మైక్రోఆంపియర్లు.

పొదలకూరు_నిమ్మ | మధ్యాహ్నం 3:25

మరి చూడు. సెన్స్ తీగ 0.5 వెడల్పు, ఆర్‌ఎం4 పొడవు 0.5. సరిగ్గా ఒక చదరం, 47 మిల్లీఓములు. 10 మైక్రోఆంపియర్లకి 0.47 మైక్రోవోల్టు. దీన్ని ఎవరూ కొలవలేరు.

పెట్టేటప్పుడు గమనించాల్సింది: ఆర్‌ఎం4 ప్యాడ్ ప్లేటు అంచుకి ఆనుకునే మొదలవ్వాలి. మధ్యలో 20 మైక్రాన్లు మామూలు మెటల్ 4 వదిలి ఆ తర్వాత గీశావనుకో, ఆ 20 మైక్రాన్లు కూడా వీఅవుటే. రేపు ఎవరన్నా అక్కడికి ఇంకో తీగ తగిలిస్తే ఎల్‌వీఎస్ కిమ్మనదు. హద్దురాయి హద్దు మీదే ఉండాలి గదా, పక్క చేలో పాతితే కోర్టుకి పోవడమే.

పెన్నగట్టు | మధ్యాహ్నం 3:40

పోయాం తల్లీ. పదకొండేళ్ళు.

కావలి_ఎంటెక్ | సాయంత్రం 6:50

సెన్స్ సమస్య తీరింది. ఆ ఊపులో ఏగ్రౌండ్, డీగ్రౌండ్ (అనలాగ్, డిజిటల్ గ్రౌండ్లు) మధ్య కూడా ఒక ఆర్‌ఎం4 పెట్టా. అక్కడ మాత్రం మ్యాజిక్ ఇంకా షార్ట్ అనే అంటంది. వెడల్పు సరిపోయింది, మెటల్ 3 కూడా లేదు. నల్లరాయి అన్న చెప్పినవన్నీ చూశా.

చీమకుర్తి_నల్లరాయి | రాత్రి 7:30

నేల చూశావా? అంటే సబ్‌స్ట్రేట్. ఏగ్రౌండ్‌కి పీ ట్యాప్‌లు (తీగని నేలకి కలిపే కాంటాక్టులు) ఉన్నాయా, డీగ్రౌండ్‌కీ ఉన్నాయా?

కావలి_ఎంటెక్ | రాత్రి 7:34

రెండిటికీ ఉన్నాయి అన్నా.

చీమకుర్తి_నల్లరాయి | రాత్రి 7:55

అదే. పీ సబ్‌స్ట్రేట్ చిప్పంతా ఒకటే ముక్క. పైన మెటల్‌ని పేరుకి విడదీశావు, కింద రెండూ ట్యాప్‌ల ద్వారా నేలలోకి దిగి కలిశాయి. దీన్ని విడదియ్యాలంటే మ్యాజిక్‌లో ఐసోసబ్ అనే పొర ఉంది, ఒక ప్రాంతాన్ని చుట్టి ఇది వేరే సబ్‌స్ట్రేట్ అనుకో అని చెప్పడానికి. అది కూడా గుర్తే, సిలికాన్‌లో ఏమీ మారదు, నాయిస్ అటూ ఇటూ పోతానే ఉంటది. నిజంగా విడిపోవాలంటే డీప్ ఎన్‌వెల్ (నేల నుంచి వేరుచేసే లోతైన ఎన్ రకం పొర) పెట్టి ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్లని అందులో కూర్చోబెట్టాలి.

పొదలకూరు_నిమ్మ | రాత్రి 8:10

అసలు ఎల్‌డీఓలో డిజిటల్ ఏముంది తమ్ముడూ, డీగ్రౌండ్ దేనికి?

కావలి_ఎంటెక్ | రాత్రి 8:12

ఎనేబుల్ పిన్నుకి రెండు ఇన్వర్టర్లు ఉన్నాయక్కా.

పొదలకూరు_నిమ్మ | రాత్రి 8:13

రెండు ఇన్వర్టర్లకి వేరే కాపురం పెట్టావా! ఒకటే గ్రౌండ్ చెయ్యి.

ఒంగోలు_గిత్త | రాత్రి 8:20

😂 అక్కా, మీరు ఈ రెసిస్టర్‌ని ఇంత మెచ్చుకుంటన్నారు గదా. దీంతో చెడిపోయిన కథ ఏమీ లేదా?

పొదలకూరు_నిమ్మ | రాత్రి 9:15

ఉంది. చాలా ఏళ్ళ కిందట, ఏ కంపెనీ అని అడగొద్దు. టేపౌట్‌కి (డిజైన్‌ని ఫ్యాబ్‌కి పంపడానికి) ముందు రాత్రి. రెండు బయాస్ నెట్లు ఒక మూల మెటల్ 2లో తగులుకున్నాయి. వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఒకతను తగిలిన చోట మెటల్ రెసిస్టర్ గుర్తు వేశాడు, ఎల్‌వీఎస్ కోసం తీసిన నెట్‌లిస్ట్‌లో కూడా ఒకటి చేర్చాడు. "మిగతావి చూసుకోడానికి, పొద్దున తీసేస్తా" అన్నాడు. ఎల్‌వీఎస్ క్లీన్. పొద్దున తీయలా. సిమ్యులేషన్ చేసేవాళ్ళ స్కీమాటిక్‌లో ఆ రెసిస్టర్ లేదు, కాబట్టి వాళ్ళకీ కనపడలా. చిప్పులు వచ్చాక ఒక బ్లాకులో కరెంటు రెట్టింపు పైన. బల్ల మీద పెట్టి వేలు ఆనిస్తే తెలిసేది, వెచ్చగా ఉండేది. ఆ లేఅవుట్‌లో పైన బ్లాకు గీసింది నేనే. పక్కన కూర్చునే ఉన్నా, అతను గుర్తు వేస్తంటే చూశా, ఏమీ అనలా.

అప్పట్నించి నాది ఒకటే పద్ధతి. టేపౌట్‌కి ముందు లేఅవుట్ నుంచి తీసిన నెట్‌లిస్ట్‌లో మెటల్ రెసిస్టర్‌లన్నీ వెతికి లెక్కపెడతా. ఒక్కొక్కదాని పక్కన ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని రాయించుకుంటా. కారణం చెప్పలేని రెసిస్టర్ పీకాల్సిందే.

నిర్వాహకుడు | రాత్రి 9:40

ఈ చర్చని లేఅవుట్ విభాగంలో పైన అతికిస్తున్నా. హద్దురాళ్ళ కోర్టు కేసుల మీద మాట్లాడాలనుకునేవాళ్ళు దయచేసి వేరే చర్చ తెరవండి.

కావలి_ఎంటెక్ | సోమవారం సాయంత్రం 5:25

అక్క చెప్పినట్టే ప్యాడ్ ప్లేటు, ఆర్‌ఎం4 కలిపి చిన్న సెల్ చేశా. గ్రౌండ్ ఒకటే చేశా. మ్యాచ్ అయింది. తర్వాత కావాలనే సెన్స్ తీగని ట్రాన్సిస్టర్ పక్కన కూడా ఒకసారి తగిలించి చూశా. నెట్‌జెన్ ఈసారి ఒప్పుకోలా, ఒక నెట్టు తక్కువని పట్టుకుంది. తీసేశా. తీగల రెసిస్టెన్స్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేసి లోడ్ 0 నుంచి 20 మిల్లీఆంపియర్లకి మారిస్తే ప్యాడ్ కాడ ఇంతకుముందు 41 మిల్లీవోల్టులు పడేది, ఇప్పుడు 4. సారు మొదటిసారి నవ్వారు.

చివర్లో నెట్‌లిస్ట్ తెరిచి మెటల్ రెసిస్టర్‌లు లెక్కపెట్టా. 1 రావాలి. 2 వచ్చాయి.

ఒంగోలు_గిత్త | సాయంత్రం 5:31

రెండోది యాడిది?

కావలి_ఎంటెక్ | సాయంత్రం 6:18

దొరికిందన్నా. బ్యాండ్‌గ్యాప్ (రిఫరెన్స్ వోల్టేజి ఇచ్చే సర్క్యూట్) బయాస్ తీగ మీద, మెటల్ 1లో. మొదటి రోజు ఎట్టా గీస్తారో చూద్దామని నేనే పెట్టి, స్కీమాటిక్‌లో కూడా పెట్టి మర్చిపోయినా.